రిచర్డ్ గారి బండికి కొత్త కళ్ళు

సీతాఫల్‌మండి,
13 అక్టోబరు 2025.

చిరంజీవి కాలేబుకి,

ప్రభువు నామమున శుభములు. నా తరఫున శుభములు ఈ ఒక్క ముక్కతో సరి, ఇక చివాట్లు మొదలు.

నిన్న ఆరాధన అయ్యాక బ్యూలా నా చెయ్యి పట్టుకుని చర్చి మెట్ల పక్కకి లాగింది. "ఆంటీ, ముందు కూర్చోండి. కూర్చున్నాక చెబుతా" అంది. ఎవరో పోయారనుకున్నాను. కూర్చున్నాను. "మీ మేనల్లుడు బుల్లెట్‌కి లైట్లు పెట్టించాడు. ఉన్న హెడ్‌లైట్ కాక ఇంకో రెండు" అంది. మంచినీళ్ళు ఇచ్చారు. రెండు గ్లాసులు తాగాను.

ఒరే అబ్బాయ్, అది మీ నాన్న బండి. ముప్ఫై ఆరేళ్ళ కిందట నా డబ్బుతో కొన్నాడు కాబట్టి ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. నడిపింది వాడు, తుడిచింది వాడు, వాన పడితే తన రెయిన్‌కోటు తీసి దానికి కప్పింది వాడు. పోయిన నవంబరులో నర్సాపురంలో వాణ్ణి మట్టిచేసి వచ్చాక, తాళం నీ చేతిలో పెడుతూ నేనేమన్నాను? "నన్ను అడక్కుండా ఒక్క నట్టు కూడా మార్చకు" అన్నాను. నువ్వు బైబిలు మీద చెయ్యి వేసి మరీ "సరే అత్తయ్యా" అన్నావు. పదకొండు నెలలు కాకముందే దానికి కొత్త కళ్ళు మొలిచాయా!

వచ్చే ఆదివారంలోగా ఆ లైట్లు ఊడాలి. లేదా బండి నా వరండాకి రావాలి. రెంటిలో ఏదో తేల్చి రాయి. ఫోన్ చేయకు. ఫోన్లో నాకు సగమే వినబడుతుంది, ఆ సగంలోనూ నువ్వు "నెట్‌వర్క్ లేదు అత్తయ్యా" అంటావు.

నీ మేనత్త,
ప్రేమమణి
(విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు. విశ్రాంతి ఎక్కడుందో నీకే తెలియాలి.)

తా.క. ఉత్తరం బ్యూలా చేతికిస్తున్నాను. ఆవిడ పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ మీ ల్యాబు కిందే కదా. మధ్యలో విప్పి చదవదనే నమ్మకంతో కవరు మూడుచోట్ల అతికించాను.

---

కార్ఖానా,
16 అక్టోబరు 2025.

పూజ్యులైన అత్తయ్యకి,

కాలేబు వందనాలు. మీ ఉత్తరం అందింది. నిలబడి మొదలుపెట్టాను, రెండో పేరాకి నేనూ కూర్చోవాల్సి వచ్చింది. ఆ పూట ముగ్గురికి రక్తం తీశాను, ముగ్గురూ ముందు నన్నే మంచినీళ్ళు తాగమన్నారు.

లైట్లు పెట్టించిన మాట నిజం. కారణం వినండి. నవంబరు ఇరవై రెండున నర్సాపురంలో నాన్న మొదటి జ్ఞాపకార్థ కూటం. ఆ బండి మీద ఒక్కసారైనా మన ఊరు వెళ్ళాలని నాన్నకి ఎంత కోరికో మీకు తెలుసు. ఏటా అనుకునేవాడు, ఏటా ఏదో అడ్డం పడేది, ఆఖరికి చూపు తగ్గింది. అందుకని ఈసారి బండిని నేను నడుపుకుంటూ వెళ్ళి ఆయన సమాధి ముందు ఆపుతాను. తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరితే గాని సాయంత్రం వెలుగుండగా చేరను.

రెజిమెంటల్ బజార్‌లో ముక్తార్ భాయ్‌కి బండి చూపించాను. హెడ్‌లైట్ వేసి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏందన్నా, గీ లైటుతోని నర్సాపురం పోతవా? గిది బుడ్డి దీపం లెక్కున్నది. పోతే పోతవ్ గని, యాడికి పోయినవో నీకు సుత తెల్వది" అన్నాడు. అప్పుడు పెట్టించాను. లెగ్ గార్డుకి క్లాంపులు బిగించాడంతే. బండికి ఒక్క బెజ్జం పెట్టలేదు, ఒక్క నట్టు మార్చలేదు. రెండు నట్లు అదనంగా వచ్చాయి, నేను ఒట్టేసింది మార్చడం గురించే కదా.

దయచేసి ఒప్పుకోండి. బండి వెనక్కి తీసుకోవద్దు. నాన్నవి నాకు మిగిలినవి రెండే, ఆ బండి, ఆయన దగ్గు. ల్యాబులో నేను దగ్గితే నాన్నని ఎరిగిన పాతవాళ్ళు "రిచర్డ్ గారనుకున్నాం" అంటారు.

ఇక పని కొంచెమే ఉంది, లైట్ల గురి సరిచేయాలి. గోడకి పాతిక అడుగుల దూరంలో బండి మీద మనిషి కూర్చుని, వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టకుండా కిందకి పడేలా బిగించాలట. కార్ఖానాలో ఖాళీ గోడ ఎక్కడుంది? ఉన్న గోడలకి కార్లు ఆనించి ఉంటాయి. చూడాలి.

మీ మేనల్లుడు,
కాలేబు

తా.క. బ్యూలా అక్కా, కవరు విప్పితే విప్పారు గాని మళ్ళీ అన్నం మెతుకులతో అతికించకండి. అత్తయ్య ఉత్తరంతో పాటు చీమలు కూడా వచ్చాయి.

---

సీతాఫల్‌మండి,
27 అక్టోబరు 2025.

చిరంజీవి కాలేబుకి,

శుభములు. ఈసారి నిజంగానే శుభములు. హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే క్షమించు.

మొన్న గురువారం నాలుగున్నరకి మూడిళ్ళ అవతల స్వర్ణలత ఇంట్లో తెల్లవారుజాము ప్రార్థన. ఏడుగురం మోకరించాం. స్వర్ణలత ఒక్కర్తే కుర్చీలో ఉంది. రెండేళ్ళ నుంచి ఆవిడ మోకాలు వంగదు, నీకు తెలుసు. నేను కిటికీ పక్కన ఉన్నాను. ఉన్నట్టుండి ఎదురుగా రైల్వే క్వార్టర్ల ప్రహరీ గోడ మీద భళ్ళున వెలుగు! ఒకటి కాదు, రెండు, గుండ్రంగా, పక్కపక్కనే. బండి చప్పుడు కూడా లేదు. చూస్తుండగానే ఎడమది పైకి లేచింది, కుడిది కిందకి దిగింది, మళ్ళీ రెండూ ఒక ఎత్తుకొచ్చి నిలబడ్డాయి.

"మోషే! ఏలీయా!" అని స్వర్ణలత పెట్టిన కేకకి నా గుండె ఆగినంత పనైంది. కొండ మీద ప్రభువు పక్కన కనబడిన ఆ ఇద్దరు ప్రవక్తలే అనుకుంది. ఆ కేకతోనే కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద పడింది. వంగని మోకాలు వంగింది! అందరూ ఒక్కసారిగా "హల్లెలూయ" అందుకున్నారు. అంతలో టప్పుమని కుడివైపు వెలుగు మాయం. "ఏలీయా ఆరోహణమయ్యాడు" అంది షాలేమ్ వాళ్ళమ్మ. ఎవరికీ తలుపు తీసే ధైర్యం లేదు. తీసేసరికి వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. శుక్రవారం మళ్ళీ వచ్చింది. ఈసారి ఏలీయా కూడా చివరిదాకా ఉన్నాడు.

పొద్దున పాలామె వచ్చి, "ఏందమ్మా, మీ గోడకు దేవుడొచ్చిండంట గదా, మేం సుత జెర మొక్కుకుంటం" అని కొబ్బరికాయ కొట్టిపోయింది. ఆదివారం చర్చిలో స్వర్ణలత సాక్ష్యం చెప్పింది. నేనూ లేచి నిలబడ్డాను. సంఘమంతా నా వైపే చూసింది.

ఇక అసలు సంగతి. గురువారం నేను మోకరించింది నీ బండి గురించే. "ప్రభువా, దాన్ని ఏం చేయమంటావు?" అని అడుగుతున్నాను, వెలుగు కనబడింది. ఇంకా ఆలోచించేదేముంది? నవంబరు తొమ్మిదిన మా సంఘం కోతల పండుగ. ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి తెచ్చి వేలానికి పెడతాం కదా. ఈసారి మనింటి నుంచి మీ నాన్న బండి. ఎనిమిదో తారీఖు సాయంత్రానికి తెచ్చి వరండాలో నిలబెట్టు.

నీ మేనత్త,
ప్రేమమణి

తా.క. లైట్ల గురికి గోడ కావాలని రాశావు. దొరికిందా నాయనా?

---

కార్ఖానా,
29 అక్టోబరు 2025.

పూజ్యులైన అత్తయ్యకి,

వందనాలు. వేలమా!

అత్తయ్యా, తొందరపడకండి. నేను సైన్సు చదివినవాణ్ణి, మీరు నాకు చదువు చెప్పినవారు. గురువారం అంటే దీపావళి అయిన మూడోరోజు. ఎవరో మిగిలిపోయిన మతాబులు కాల్చుంటారు. లేదా రైలింజను లైటు అయ్యుంటుంది, పట్టాలు పక్కనే కదా. అయినా మోషే, ఏలీయా అంతటివాళ్ళకి సీతాఫల్‌మండిలో తెల్లవారుజామున ఏం పని చెప్పండి?

స్వర్ణలత గారి మోకాలు బాగైనందుకు సంతోషమే. కానీ ఆవిడ మోకాలికీ మా నాన్న బండికీ లంకె ఏమిటి? నర్సాపురం ప్రయాణానికి నాలుగు వారాలు కూడా లేవు. నేను సెలవు పెట్టేశాను. సమాధులకి సున్నం వేసే వాళ్ళకి కూడా చెప్పేశాను, "నాన్న బండి మీద వస్తున్నాను" అని. ఇప్పుడు బస్సు దిగి నడుచుకుంటూ వెళితే ఆయన ముఖం ఎలా చూడను?

పోనీ, వేలానికి నా ఫ్రిజ్ ఇస్తాను. వాషింగ్ మెషీన్ ఇస్తాను. నన్ను పెట్టుకోండి, ఎవరైనా పాడుకుంటే వెళ్ళిపోతాను. బండి మాత్రం వద్దు.

మీ మేనల్లుడు,
కాలేబు

తా.క. గోడ దొరికింది అత్తయ్యా. ఇక్కడే. కార్ఖానాలోనే.

---

సీతాఫల్‌మండి,
1 నవంబరు 2025.

కాలేబుకి,

చిరంజీవి అని కావాలనే రాయలేదు.

నీ ఉత్తరం చదివి దిమ్మెరపోయాను. మతాబులా? మతాబు పైకీ కిందకీ జరిగి, ఎత్తు సరిచూసుకుని నిలబడుతుందా? రైలింజనట! ఏ రైలైనా మన వీధిలోకి తిరిగి గోడ ముందు ఆగిందా ఎప్పుడైనా? నీకు సైన్సు చెప్పింది నేనే కాబట్టి ఆ తప్పు నాదే అనుకుంటాను.

ఇక్కడ పనులు ఆగడం లేదు. వచ్చే శనివారం, ఎనిమిదో తారీఖున, తెల్లవారుజామున ఆ గోడ దగ్గరే సంఘమంతా ప్రార్థన పెట్టుకుంది. పాస్టరు అయ్యగారు కూడా వస్తానన్నారు. పాత సామాన్లు కొనే మనిషి నిన్న ఇంటికొచ్చాడు. బుల్లెట్ ధర ఎలా ఉందని అడిగాను. "పాత బుల్లెటా అమ్మా! బండి ఎవడు నడుపుతడు, పార్టులు పార్టులు చేస్తం. ట్యాంకు కేఫ్ వాళ్ళు గోడకు బిగిస్తరు, సీటు స్టూలు చేస్తరు" అన్నాడు. మీ నాన్న కూర్చున్న సీటు మీద ఎవరో కూర్చుని కాఫీ తాగుతారన్నమాట. కాఫీ అంటే వాడికీ ఇష్టమేగా.

ఇంకో మాట. స్వర్ణలత మొక్కుబడి కింద ఆ గోడ మొత్తానికి సున్నం కొట్టిస్తానంటోంది. కింద ఏవో పిచ్చిగీతలున్నాయట, పవిత్రమైన గోడ మీద అవి బాగుండవట. గురువారం మనుషులు వస్తున్నారు.

ప్రేమమణి

తా.క. తమ్ముడూ, ఇది బ్యూలా అక్క. చీమలకి సారీ. ఈసారి గమ్ వాడాను. వేలం సంగతి చదివి నాకు నిన్న అన్నం సయించలేదు. నువ్వేదైనా చెప్పాల్సింది ఉంటే తొందరగా చెప్పెయ్. ఇంతకంటే నేను రాయకూడదు.

---

కార్ఖానా,
3 నవంబరు 2025.

అత్తయ్యా,

గోడకి సున్నం కొట్టించకండి. కాళ్ళు పట్టుకుంటాను, గురువారం మనుషుల్ని రానివ్వకండి.

మోషే నేనే. ఏలీయా కూడా నేనే.

చెప్పేస్తాను. ఆ గోడ మీద మోకాలి ఎత్తున ఒక ఎర్రగీత ఉంది. హెడ్‌లైట్ గురి చూసుకోవడానికి నాన్న పెట్టుకున్న గుర్తు అది. చిన్నప్పుడు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని చూపించేవాడు, "వెలుగు ఈ గీత దాటితే ఎదుటివాడి కళ్ళు పోతాయిరా, దాటకపోతే మన దారి పోతుంది" అని. ఊరంతా తిరిగినా నాకు ఇంకో గోడ నచ్చలేదు. గురువారం వీధి చివర ఇంజను ఆపేసి, చప్పుడు మీకు వినబడకూడదని బండిని నెట్టుకుంటూ వచ్చాను. బ్యాటరీ మీద లైట్లు వేసి ఎత్తు సరిచేశాను. కుడిదానికి ఫ్యూజు పోయింది. లోపల్నుంచి హల్లెలూయలు వినబడేసరికి హడలిపోయి మళ్ళీ నెట్టుకుంటూ పారిపోయాను. శుక్రవారం కొత్త ఫ్యూజు వేసుకుని వచ్చాను. అంతే. దేవుడి తోడు, ఎవరి మోకాలూ బాగుచేయాలని రాలేదు.

మీరు సంఘం ముందు లేచి నిలబడ్డాక నిజం చెబితే మీ పరువు ఏం కాను అని ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. పోనీ బండి పోతే పోయిందిలే అని కూడా ఒక రాత్రంతా అనుకున్నాను. కానీ ఆ గీత చెరిపేస్తారంటే నావల్ల కాలేదు. శనివారం నేనే వచ్చి సంఘం ముందు ఒప్పుకుంటాను. తప్పు నాది, మీది కాదు.

గుమ్మం దాకా వచ్చి లోపలికి ఎందుకు రాలేదంటారు. వరండాలో నాన్న కుర్చీ ఉంది అత్తయ్యా. ఖాళీగా ఉన్న ఆ కుర్చీ పక్కనుంచి నడిచి లోపలికి రావడం నాకు చేతకాలేదు. పదకొండు నెలలుగా రోజూ రేపు వెళదాం అనుకుంటున్నాను.

క్షమించండి.
కాలేబు

తా.క. బ్యూలా అక్కా, ఇది చదివి ఏడిస్తే అక్షరాలు తడపకండి. అత్తయ్య మార్కులు తీసేస్తుంది.

---

సీతాఫల్‌మండి,
5 నవంబరు 2025.

చిరంజీవి కాలేబుకి,

ప్రభువు నామమున శుభములు, నా తరఫున కూడా ఈసారి నిండుగా.

నలభై ఏళ్ళు బడిలో పనిచేశాను. అద్దం పగిలితే "ఎవరు పగలగొట్టారు?" అని ఏనాడూ అడగలేదు. అడిగితే ఎవడూ చెప్పడు. "పాపం, తోటమాలి జీతం కోస్తున్నాను" అనేదాన్ని. పగలగొట్టినవాడికి కాస్త మనసుంటే సాయంత్రానికల్లా వాడే వచ్చి నా గది ముందు నిలబడేవాడు. నువ్వు నా చేత రెండు ఉత్తరాలు రాయించావు, మొద్దు వెధవా!

వేలానికి నేనిస్తున్నది రెండు గుమ్మడికాయలు, ప్రతి ఏడూ ఇచ్చేవే. పాత సామాన్ల మనిషి వచ్చింది నా చెడిపోయిన కుట్టుమిషన్ కోసం. గోడకి సున్నం వేసే మనుషులెవరూ లేరు. వెలుగు ఎవరిదో గురువారం పొద్దునే స్వర్ణలతకి చెప్పేశాను. "లైట్లు ఎవరివైతే ఏంటి వదినా, వంగిన మోకాలు నాదే కదా" అంది. ఆదివారం సాక్ష్యంలో ఆ ముక్క కూడా చెప్పింది, "మన ప్రేమమణి వదిన మేనల్లుడు కాలేబు బండి లైట్ల ద్వారా" అని పేరు పెట్టి మరీ. అందుకే సంఘమంతా నా వైపు చూసింది. నేను లేచి నిలబడింది ఫ్యాను తగ్గించడానికి. అబద్ధం ఒక్కటీ రాయలేదు, ఆ బండి వేలం మాట, సున్నం మాట తప్ప. వాటికి వేరే ప్రార్థన చేసుకున్నాను. కాబట్టి శనివారం వచ్చి నువ్వు ఒప్పుకోవాల్సింది ఏమీ లేదు. నీకు తప్ప సంఘమంతటికీ తెలుసు. శనివారం ప్రార్థన మాత్రం నిజం. నువ్వు నర్సాపురం క్షేమంగా వెళ్ళి రావాలని పెట్టుకున్నది అది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇంజను ఆపి నెట్టుకొచ్చావు. చీకట్లో నువ్వు దగ్గావు. ఒక్క క్షణం నా తమ్ముడే వచ్చాడనుకుని కిటికీ చువ్వలు పట్టుకున్నాను. అప్పుడు నిజంగానే గుండె ఆగింది, అది కథ కాదు. శుక్రవారం ఇంట్లోనే ఉండి రెండు గ్లాసుల కాఫీ కలిపి గుమ్మం లోపల నిలబడ్డాను. ఆ లైట్లు పైకీ కిందకీ ఆడిస్తున్నంతసేపూ నిలబడ్డాను. నువ్వు పని చూసుకుని బండి నెట్టుకుంటూ వెళ్ళిపోయావు. ఆ రెండు గ్లాసులూ నేనే తాగాను కాలేబూ. చాలా చేదుగా ఉన్నాయి.

ఆ గీత మీ నాన్న పెట్టింది కాదు. వాడు బండి మీద కూర్చుని "ఇంకాస్త కింద, ఇంకాస్త పైన" అని అరుస్తుంటే, బ్రష్షు పట్టుకుని గోడకి గీసింది నేను. వాన కాలం వెళ్ళగానే ఏటా మళ్ళీ దిద్దేదాన్ని. ఈ ఏడు కూడా దిద్దాను. లేకపోతే నీకు చీకట్లో అంత ఎర్రగా ఎలా కనబడిందనుకున్నావు?

నట్టు మాట కూడా చెప్పేస్తాను. మీ నాన్న ఆ బండికి మార్చని నట్టు లేదు. నువ్వు మార్చుకుంటే నాకేం? పాత బండి, నెలకో నట్టు ఊడుతుంది కదా, అడక్కుండా మార్చకు అంటే నెలకోసారైనా అడగడానికి నా గుమ్మం ఎక్కుతావు అనుకున్నాను. పదకొండు నెలల్లో ఒక్క నట్టు గురించి కూడా నువ్వు అడగలేదు.

కుర్చీ తీసి పక్కన పెట్టను. శనివారం ఇంజను ఆపకుండా, వీధంతా అదిరేలా రా. వచ్చి ఆ కుర్చీలో కూర్చో. ఖాళీగా ఉండడం వల్లే కదా నీకు తక్లీఫ్.

ఇరవై రెండున నువ్వు బండి మీద వెళ్ళు. నేను ముందురోజు రైల్లో నర్సాపురం చేరి స్టేషన్ బయట ఉంటాను. అక్కడి నుంచి సమాధుల తోట దాకా వెనక సీటు నాది.

నీ అత్తయ్య,
ప్రేమమణి

తా.క. 1. ఎడమ లైటు ఇంకా గీతకి రెండు వేళ్ళు పైనే ఉంది. శుక్రవారం గుమ్మంలోంచి చూశాను. స్కేలు తీసి పెట్టాను, శనివారం నేనే చూస్తాను.

తా.క. 2. లోపల అందరూ హల్లెలూయ పాడుతున్నారు కాబట్టి వాళ్ళకి వినబడలేదు, కిటికీ దగ్గరున్న నాకు వినబడింది. బైబిలు అరవై ఏళ్ళుగా చదువుతున్నాను. ఏలీయా వెళ్ళిపోతూ "దీనమ్మా, ఫ్యూజు పోయిందే" అన్నట్టు ఎక్కడా లేదు.